ఉపాధ్యాయులను తీర్చిన ఉపాధ్యాయుడు : బుకర్ టి. వాషింగ్టన్

పేద పల్లెలోని బడికి మంచి యుపాధ్యాయుని ఎచ్చటనుండి తెత్తుము? అట్టివాడు దొరకినను, అతడు అచ్చట నిలుచునట్లు ఎట్లు చేయుదుము? ఈ ప్రశ్న మన దేశమునకు మాత్రమే చెందినది కాదు. దారి సరిగా లేని గ్రామమునకు, జీతము చాలని కొలువునకు, పుస్తకము కొనలేని బిడ్డలయొద్దకు వెళ్లి, అచ్చటివారిలో ఒకడై బోధించుటకు ఒక మనుష్యుని సిద్ధపఱచుట ఎల్ల దేశములందును కష్టమైన పనియే. ఈ పనిని తన జీవితకార్యముగా చేసికొన్నవారిలో అమెరికా దేశస్థుడైన బుకర్ టి. వాషింగ్టన్ మహాశయుడు ముఖ్యుడు. ఆయన బానిసగా పుట్టి, ఉపాధ్యాయుడై, అనేకులగు ఉపాధ్యాయులకు గురువై, 1915వ సంవత్సరమున దివంగతుడయ్యెను. మా పాఠశాల విద్యార్థులలో కొందఱైనను ముందు ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశింపగలరు గనుక, ఆయన చరిత్రమును ఈ సంచికయందు సంగ్రహముగా వ్రాయ దలచితిమి.

బాల్యము

బుకర్ 1856వ సంవత్సరమున వర్జీనియా రాష్ట్రములోని ఫ్రాంక్లిన్ మండలమునందు, బరోస్ అను రైతు పొలమున జన్మించెను. అతని తల్లి జేన్ ఆ యింట వంట చేయు బానిస. ఆనాటి చట్టము ప్రకారము బానిస కన్న బిడ్డలును బానిసలే. తండ్రి యెవరో బుకర్ తన జీవితములో ఎన్నడును ఎఱుగడు. వారు నివసించిన గుడిసెకు గాజు కిటికీలు లేవు, నేల మట్టినేల, ఆ నేలపై పఱచిన చింకిగుడ్డలే పడక. యజమానుని కుమార్తెల పుస్తకములను మోసికొని బడి వాకిలి వఱకు పోవుట అతని పనులలో నొకటి. వాకిలి దాటి లోనికి పోవుటకు మాత్రము బానిస బిడ్డకు అనుమతి లేదు. లోపల కూర్చుండి చదువుకొను పిల్లలను చూచి, ఆ గదిలోనికి పోవుట స్వర్గమునకు పోవుటతో సమానమని అతడు తలచుచుండెను.

1865వ సంవత్సరమున అంతర్యుద్ధము ముగిసి, బానిసలకు విడుదల కలిగెను. జేన్ తన బిడ్డలతో బయలుదేఱి, తన భర్త పని చేయుచున్న పశ్చిమ వర్జీనియాలోని మాల్డెన్ అను ఊరు చేరెను. త్రోవలో అధికభాగము పిల్లలు కాలినడకనే పోయిరి. మాల్డెన్ ఉప్పుబట్టీల ఊరు. బుకర్ పదియేండ్ల బాలుడై యుండగనే తెల్లవారుజామున లేచి, ఉప్పును పీపాలకు ఎత్తు పనికి పోవుచుండెను. అతని మాఱుతండ్రి నింపిన పీపాలపై 18 అను అంకె వేయుట ఆచారము. బుకర్ ప్రతిదినమును ఆ అంకెను చూచి చూచి దానిని వ్రాయ నేర్చెను. ఆతని విద్యకు అదియే ప్రారంభము. తల్లి చదువెఱుగనిది, అయినను ఎట్లో ఒక వర్ణక్రమ పుస్తకమును సంపాదించి కుమారున కిచ్చెను. అక్షరములు చెప్పువారు దగ్గఱ నెవరును లేకపోగా, బాలుడు ఆ పుస్తకముతో తానే పెనగులాడి కొన్ని వారములలో అక్షరములు గుర్తుపట్టగలిగెను.

తరువాత ఆ యూర నల్లజాతివారి కొఱకు బడి తెఱవబడెను. బుకర్ కూలిడబ్బు ఇంటికి కావలసియుండుటచే మాఱుతండ్రి అతనిని బడికి పోనీయలేదు. బుకర్ మొదట రాత్రివేళ ఉపాధ్యాయునియొద్ద పాఠము చెప్పించుకొనెను. పిమ్మట, ఉదయము 9 గంటల వఱకు బట్టీలో పని చేసి, బడి విడిచిన తరువాత మఱల రెండు గంటలు పని చేయు నేర్పాటుపై పగటిబడికి పోవుటకు సెలవు దొరకెను. బడియు 9 గంటలకే ప్రారంభమగును, దారి దూరము. అందుచేత ఈ బాలుడు బట్టీ కచేరిలోని గడియారపు ముల్లును ఎనిమిదిన్నర నుండి 9కి జరుపుట మొదలుపెట్టెను. కొంతకాలమునకు అధికారి అనుమానించి గడియారమును అద్దాలపెట్టెలో పెట్టి తాళము వేసెను. ఈ తప్పును ఆయన పెద్దవాడైన పిమ్మట దాచక తానే వ్రాసికొన్నాడు. చదువుకొఱకు పడిన తహతహ ఎంతటిదో చూపుటకే దీనిని వ్రాసితిమిగాని, మా విద్యార్థులు పాఠశాల గడియారమును తాకుటకు కాదు.

బడిలో పేరు వ్రాయునప్పుడు ఎల్లరకును ఇంటిపేరుండుట చూచి బుకర్ చిక్కున పడెను. బానిస బిడ్డకు ఇంటిపేరెక్కడిది? తన వంతు వచ్చునప్పటికి అతడు ధైర్యము తెచ్చుకొని, మాఱుతండ్రి పేరైన వాషింగ్టన్ అను పదమును చెప్పెను. ఆ పేరే శాశ్వతమాయెను.

హాంప్టన్ విద్యాలయము

బొగ్గుగనిలో పనిచేయుచుండగా ఒకనాడు బుకర్ ఇద్దఱు పనివారి సంభాషణమును చీకటిలో వినెను. వర్జీనియాలో హాంప్టన్ అను చోట నల్లజాతివారికి పెద్ద విద్యాలయము కలదనియు, డబ్బులేనివారు పని చేసి చదువుకొనవచ్చుననియు వారు చెప్పుకొనుచుండిరి. ఆ విద్యాలయము 1868వ సంవత్సరమున అమెరికన్ మిషనరీ సంఘముయొక్క సహాయమున స్థాపింపబడినది. దాని ప్రధానాధికారి జనరల్ శామ్యూల్ ఆర్మ్‌స్ట్రాంగ్. ఆయన హవాయి ద్వీపములలో మిషనరీ దంపతులకు జన్మించి, బానిసల విడుదలకై జరిగిన యుద్ధమున నల్ల సైనికులకు నాయకుడై యుండినవాడు. విడుదలైన జనులకు వారిలోనివారే ఉపాధ్యాయులు కావలెననియు, అట్టివారిని తలతోను చేతితోను పనిచేయువారిగా సిద్ధపఱుపవలెననియు ఆయన ఉద్దేశము.

1872లో పదునాఱేండ్ల బుకర్ ఇల్లు విడిచి, సుమారు 500 మైళ్ల దూరమందున్న హాంప్టన్‌కు బయలుదేఱెను. కొంతదూరము బండిలోను, కొంతదూరము నడచియు రిచ్‌మండ్ పట్టణమునకు వచ్చునప్పటికి చేతిలోని డబ్బంతయు అయిపోయెను. ఆ రాత్రి వీథిప్రక్క చెక్కలతో కట్టిన నడవదారి క్రింద నేలపై పండుకొనెను. కొన్నాళ్లు ఓడలోని సరకును దించు కూలిపని చేసి, దారిబత్తెము కూర్చుకొని, తుదకు 50 సెంట్లతో హాంప్టన్ చేరెను.

దుమ్ముకొట్టుకొనిపోయిన ఈ బాలుని చేర్చుకొనుటకు అచ్చటి దొరసాని మేరీ మెకీ సందేహించెను. కొన్ని గంటలైన తరువాత, ప్రక్కగదిని ఊడ్వుమని ఆమె యాజ్ఞాపించెను. బుకర్ ఆ గదిని మూడుమాఱులు ఊడ్చి, నాలుగుమాఱులు గుడ్డతో తుడిచెను. ఆమె తన చేతిరుమాలును బల్లపైని గోడపైని రాచి చూచి, దుమ్ము కానరాకపోగా అతనిని చేర్చుకొనెను. అదియే అతని ప్రవేశపరీక్ష. ఆ పని నచ్చుటచే అతనికి విద్యాలయములో గదులు శుభ్రము చేయు ఉద్యోగము నిచ్చిరి. దానితో భోజనపు ఖర్చు జరిగెను.

హాంప్టన్‌లో పుస్తకముల చదువెంతయో, దినచర్యయు అంత చదువే. వేళకు భోజనము, స్నానము, పండ్లు తోముకొనుట, శుభ్రమైన పడక, ఇవన్నియు అచ్చట పాఠములు. పడకపై రెండు దుప్పట్లుండగా, మొదటి రాత్రి బుకర్ రెండింటి క్రిందను దూఱి పండుకొనెను. రెండవ రాత్రి రెండింటిపైని పండుకొనెను. మూడవనాడు తోటివారిని చూచి వాటి నడుమ పండుకొన నేర్చెను. ఇట్టి సంగతులు తెలియకపోవుట అవమానము కాదనియు, చూపువారు లేకపోవుటయే లోపమనియు అతడు అచ్చట గ్రహించెను. తాను ఉపాధ్యాయుడైనప్పుడు ఈ గ్రహింపు ఎట్లు ఉపయోగపడినదో ముందు తెలియగలదు.

మొదటి ఉద్యోగము

1875లో పట్టము పొంది బుకర్ మాల్డెన్‌కు తిరిగివచ్చి, తాను చదివిన ఊరనే ఉపాధ్యాయుడాయెను. ఉదయము 8 గంటలకు మొదలిడిన పని తఱచుగా రాత్రి 10 గంటలకు గాని ముగియకుండెను. పగటిబడి పిల్లలకు పాఠములతోపాటు తల దువ్వుకొనుట, చేతులు ముఖము కడుగుకొనుట నేర్పెను. పగలు పనికి పోవువారికొఱకు రాత్రిబడి తెఱచెను. చురుకైన వారిని ఏరి, ప్రత్యేకముగా చదువు చెప్పి హాంప్టన్‌కు పంపెను. గనిపని చేసి తనకు తోడ్పడిన అన్న జాన్‌ను సయితము ఆ విధముగానే చదివించెను.

1878లో కొంతకాలము వాషింగ్టన్ నగరమున వేలండ్ విద్యాలయమునందు చదివెను. అచ్చట పుస్తకవిద్య మాత్రమే యుండెను. చదివినవారిలో చాలమంది పల్లెలకు తిరిగిపోవుటకు ఇష్టపడకుండుట ఆయన చూచెను. మఱుసటి యేడు ఆర్మ్‌స్ట్రాంగ్ ఆయనను హాంప్టన్‌కు పిలిపించి, క్రొత్తగా వచ్చిన అమెరికా ఆదిమజాతుల యువకులతో ఒకే యింట నివసించి వారిని చూచుకొను పనియు, పగలు పదిగంటలు పనిచేసి రాత్రి రెండుగంటలు చదువుకొను పేద విద్యార్థుల బడియు అప్పగించెను. పెద్ద గురువుల కన్నులయెదుట ఉండి, విద్యార్థులతో కలిసి జీవించుచు బోధించుట నేర్చుకొన్న ఆ రెండు సంవత్సరములే ఆయనకు నిజమైన శిక్షణకాలమని మా అభిప్రాయము.

టస్కీగీ

అలబామా రాష్ట్రములో టస్కీగీ అను చిన్న పట్టణము కలదు. అచ్చట లూయిస్ ఆడమ్స్ అను పూర్వపు బానిసయు, జార్జి కాంప్‌బెల్ అను పూర్వపు బానిసల యజమానుడును కూడి, నల్లజాతి ఉపాధ్యాయులను తయారుచేయు నార్మల్ పాఠశాల కావలెనని కోరిరి. 1881లో రాష్ట్ర శాసనసభ సంవత్సరమునకు 2000 డాలర్లు మంజూరు చేసెను. ఆ సొమ్ము జీతములకు మాత్రమే. స్థలమునకు గాని కట్టడమునకు గాని ఒక్క డాలరును లేదు. ప్రధానోపాధ్యాయునిగా తెల్లవానిని పంపుమని వారు ఆర్మ్‌స్ట్రాంగ్‌కు వ్రాసిరి. ఆయన, అట్టి తెల్లవాడు తనకు తెలియడనియు, నల్లజాతివాడొకడు సమర్థుడు కలడనియు ప్రత్యుత్తరమిచ్చెను. వారు ఒప్పుకొనిరి. అప్పటికి వాషింగ్టన్ వయస్సు 25 సంవత్సరములు.

ఆయన టస్కీగీ చేరి చూడగా పాఠశాలయే లేదు. అట్టి స్థితిలో మఱియొకడైనచో వెంటనే కట్టడమును వెదకియుండును. ఈయన మొదట కోవెరు గాడిద కట్టిన బండిలో చుట్టునున్న పల్లెలకు పోయి, సుమారు ఒక నెల తిరిగెను. ఒంటిగది గుడిసెలలో ఆ కుటుంబములతోనే పండుకొనెను. వారు తిను మొక్కజొన్న రొట్టెయు పందిమాంసమును తినెను. పంట పండకమునుపే అప్పులవానికి తాకట్టుపడియుండుట చూచెను. నెలనెలకు వాయిదా చెల్లించు పద్ధతిపై 60 డాలర్లకు కొన్న వాద్యపెట్టె ఒక గుడిసెలో నుండగా, భోజనపుబల్లయొద్ద అయిదుగురకు ఒక్కటే ముల్లుచెంచా యుండుటయు చూచెను.

పల్లెబడులను చూచి మఱింత విచారపడెను. బడికి వేఱు కట్టడములు లేవు. ప్రార్థనమందిరమో, దుంగలతో కట్టిన గుడిసెయో బడి. చలికాలమున లోపల పొయ్యి లేనిచోట పెరటిలో మంట వేసి, ఉపాధ్యాయుడును పిల్లలును మాటిమాటికి బయటికి పోయి చలి కాచుకొనుచుండిరి. ఒక బడిలో అయిదుగురు పిల్లలకు ఒక్కటే పుస్తకము. ముందుబల్లపై ఇద్దఱు దానిని పట్టుకొనగా, వెనుక ఇద్దఱు వారి భుజములమీదుగా చూచుచుండిరి. ఆ నలుగురి వెనుకనుండి అయిదవవాడు తొంగిచూచుచుండెను. ఉపాధ్యాయులు చాలమంది తామును సరిగా చదువుకొననివారే.

ఈ నెలదినముల సంచారమునుండి ఆయన ఒక నిశ్చయమునకు వచ్చెను. ఈ పల్లెలకు పోవలసిన ఉపాధ్యాయునికి లెక్కలు, వ్యాకరణము నేర్పి పంపినంత మాత్రమున చాలదు. ఎట్లు సేద్యము చేయవలెను, ఎట్లు ఇల్లు కట్టుకొనవలెను, ఎట్లు అప్పునుండి బయటపడవలెను అను సంగతులు తెలిసినవాడును, ఆ పల్లెనే తన ఊరుగా తలచువాడును కావలెను. అట్టి ఉపాధ్యాయుని కొన్ని గంటల తరగతిలో తయారుచేయజాలము. గురువులతో కూడ ఒకేచోట నివసించి, పని చేసి, చదివి, చదువు చెప్పి చూచుకొనినప్పుడే అట్టివాడు సిద్ధపడును.

1881వ సంవత్సరము జూలై 4వ తేదీన, ప్రార్థనమందిరమునకు ప్రక్కనున్న శిథిలమైన గదిలో పాఠశాల ప్రారంభమాయెను. వానవచ్చినప్పుడు పాఠము చెప్పుచున్న గురువునకు ఒక విద్యార్థి గొడుగు పట్టవలసివచ్చెను. మొదటిదినము చేరినవారు 30 మంది. స్త్రీలును పురుషులును ఇంచుమించు సమసంఖ్య. వారిలో చాలమంది అంతకుమునుపే పల్లెబడులలో ఉపాధ్యాయులు. కొందఱికి నలువదియేండ్లు కావచ్చెను. కొందఱి విద్యార్థులును తమ గురువు వెంట వచ్చి చేరిరి. పరీక్షలో కొన్నిసార్లు విద్యార్థి గురువుకంటె పై తరగతికి వచ్చెను. పెద్దపెద్ద పుస్తకముల పేర్లు చెప్పగలవారు వారిలో ఉండిరి. వడ్డీ లెక్కల సూత్రములు బట్టీపట్టినవారికి ఎక్కములు రావు. భూగోళముపై ఎడారిని చూపగలవారికి భోజనపుబల్లను సరిగా సర్దుట తెలియదు. వాషింగ్టన్ వారిని ఎగతాళి చేయలేదు. హాంప్టన్‌లో దుప్పట్ల క్రింద దూఱిన బాలుని ఆయన మఱువలేదు.

ఆఱు వారములైన పిమ్మట ఒలీవియా డేవిడ్‌సన్ అను యువతి ఆయనకు సహాయోపాధ్యాయినిగా వచ్చెను. ఈమెను గూర్చి వ్రాయక ముందుకు పోజాలము. ఆమె మిసిసిపీ రాష్ట్రమున పల్లెబడిలో పనిచేయునప్పుడు ఒక విద్యార్థికి మశూచికము రాగా, ఎల్లరును భయపడి దూరముగా పోయినను, బడి మూసి ఆ బాలునికి తానే పరిచర్య చేసెను. తరువాత హాంప్టన్‌లోను, మసాచుసెట్స్‌లోని ఫ్రేమింగ్‌హామ్ నార్మల్ పాఠశాలలోను శిక్షణ పొందెను. టస్కీగీ పాఠశాలకు పునాదులు వేసినవారు ఈ యిరువురును. చందాలకై ఆమె ఇంటింటికి తిరిగెను. వాషింగ్టన్ మొదటి భార్య ఫానీ 1884లో మరణింపగా, కొంతకాలమునకు ఒలీవియా ఆయనను వివాహమాడెను. ఆమెయు 1889లోనే మరణించెను.

పని, చదువు, బోధన

పట్టణమునకు సమీపమున పాడుపడిన నూఱెకరముల తోట 500 డాలర్లకు వచ్చెను. హాంప్టన్ కోశాధికారి తన సొంత సొమ్ములోనుండి 250 డాలర్లు అప్పిచ్చుటచే సగము వెల చెల్లించి దానిని కొనిరి. ఆ తోటలోని పాత వంటయిల్లును, గుఱ్ఱపుశాలయు, కోళ్లగూడును తరగతి గదులాయెను. పొలము చదునుచేయవలెనని వాషింగ్టన్ చెప్పగా విద్యార్థులకు రుచింపలేదు. తాము ఉపాధ్యాయులము గదా, గొడ్డలి పట్టుట యేమని వారి సంశయము. ఆయన మాఱుమాటాడక ప్రతిదినము బడి విడిచిన వెంటనే గొడ్డలి భుజముపై వేసికొని అడవికి నడచెను. గురువు చెట్లు కొట్టుచుండగా శిష్యులు చూచుచు నిలువలేకపోయిరి. ఇరువదియెకరములు చదునై విత్తనము పడెను.

కట్టడములకు ఇటుకలు కావలసివచ్చెను. ఆ యూర ఇటుకలు దొరకవు. ఇటుక కాల్చుట వాషింగ్టన్‌కు తెలియదు. మోకాటిలోతు బురదలో మట్టి తొక్కుట చూచి కొందఱు విద్యార్థులు పాఠశాల విడిచిపోయిరి. మొదటి ఆవము చెడెను, రెండవదియు చెడెను, మూడవది వారముదినములు కాలి, ముగియనున్న వేళ అర్ధరాత్రమున కూలెను. చేతిలో సొమ్ము లేదు. ఆయన మాంట్‌గొమరీ పట్టణమునకు పోయి తన గడియారమును 15 డాలర్లకు తాకట్టుపెట్టి వచ్చి నాలుగవ ఆవమును పేర్పించెను. అది చక్కగా కాలెను. గడియారము మాత్రము విడిపించుకొనకయే గడువు దాటిపోయెను. తరువాత చుట్టుప్రక్కల తెల్లవారును ఈ పాఠశాలయొద్దనే ఇటుకలు కొనుటకు వచ్చిరి. ఒకరికొకరు అవసరమైనప్పుడు ద్వేషము కొంత తగ్గునని వాషింగ్టన్ ఈ సంగతివలన తలచెను.

తలిదండ్రులు చాలమంది తమ బిడ్డలకు పుస్తకములే చెప్పవలెనని జాబులు వ్రాసిరి. దాస్యమున చేసిన చాకిరి చాలదా యని వారి బాధ. ఆ బాధ న్యాయమైనదే యని మేమును ఒప్పుకొందుము. అయినను ఆయన తన పద్ధతిని మార్చలేదు. 1884లో, సొమ్ము బొత్తిగా లేనివారికొఱకు హాంప్టన్ మాదిరిగా రాత్రిబడి తెఱచెను. పాఠశాల ఆవరణయందు ఊరి పిల్లలకొక బడి నడుచుచుండెను. ఉపాధ్యాయులు కాగోరు విద్యార్థులు అనుభవజ్ఞుల పర్యవేక్షణమున అచ్చట పాఠములు చెప్పి, తమ తప్పులు తామే చూచి దిద్దుకొనుచుండిరి. 1892 మొదలుకొని ఏటేట చుట్టుపట్ల రైతులను రప్పించి సభ జరిపిరి. ఆ సభలో విద్యాధికుల ఉపన్యాసములకంటె, ఎవరికెంత అప్పు, ఎవరు నేల కొనిరి, ఎవరి యూరి బడి ఎన్ని నెలలు నడచెను అను సంగతులే ముఖ్యము. రాలేనివారియొద్దకు 1906 నుండి వ్యవసాయపరికరములతో నిండిన బండినే పంపిరి. 1896లో టస్కీగీ చేరిన సుప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు జార్జి వాషింగ్టన్ కార్వర్ ఈ బండి పనికి ముఖ్యుడు.

శిష్యులు

గురువుయొక్క విలువ శిష్యులవలన తెలియును. మొదటి తరగతి 1885లో పట్టము పొందెను. అందులో కార్నీలియా బోవెన్ ఒకతె. టస్కీగీ పాఠశాల కొన్న తోటలోనే, ఆమె తల్లి బానిసగా బ్రతికిన చోటనే, ఆమె పుట్టినది. ఆమె 1888లో అలబామాలోని మౌంట్ మెగ్స్ అను పల్లెకు పోయి బడి స్థాపించి, అచ్చటనే తన జీవితమును గడపెను. విలియం ఎడ్వర్డ్స్ 1893లో తన స్వగ్రామమైన స్నోహిల్‌లో బడి పెట్టెను. విలియం హోల్ట్‌స్‌క్లా 1903లో మిసిసిపీలోని యుటికాలో స్థాపించెను.

ఎలిజబెత్ ఎవెలిన్ రైట్ కథ మిక్కిలి హృదయవిదారకము. ఆమె జార్జియాలోని పేదయింట పుట్టి, టస్కీగీ రాత్రిబడిలో చదివెను. ఆరోగ్యము చాలనిది. దక్షిణ కెరొలీనాలో బడి పెట్టబోగా విరోధులు కట్టడమును తగులబెట్టిరి. ఆమె మఱియొక చోటికి పోయి ప్రయత్నించెను. తుదకు 1897లో డెన్మార్క్ అను ఊర అంగడి మేడపై ఒక గదిలో కొద్దిమంది పిల్లలతో ఆరంభించెను. ఆ బడియే పెరిగి నేటి వూర్హీస్ విశ్వవిద్యాలయమైనది. ఆమె 1906లో 34వ యేట మరణించెను.

వీరందఱు పోయిన పల్లెలు జీతముచే ఆకర్షించునవి కావు. టస్కీగీలో ఇటుక కాల్చినవారికి, గుడిసెను బడిగా మార్చినవారికి, ఏమియు లేనిచోట ఆరంభించుట క్రొత్తపని కాదు గనుక వారు అచ్చట నిలిచిరి.

పల్లెబడుల కట్టడములు

జీవితాంతమున వాషింగ్టన్ దృష్టి యంతయు పల్లెబడులపైననే నిలిచెను. ఫిలడెల్ఫియా వాసియగు ఆన్నా జీన్స్ అను వృద్ధస్త్రీ 1907లో నల్లజాతి పల్లెబడుల కొఱకు 10 లక్షల డాలర్లిచ్చెను. ఆ నిధి పాలకులలో వాషింగ్టన్ ఒకడు. ఆ సొమ్ముతో నియమితులైన ఉపాధ్యాయినులు బడినుండి బడికి తిరిగి, ఒంటరిగా పనిచేయు ఉపాధ్యాయులకు తోడై, పని చూపి నేర్పిరి. వర్జీనియాలోని వర్జీనియా రాండాల్ఫ్ 1908లో వీరిలో మొదటిది.

1912లో షికాగో వర్తకుడు జూలియస్ రోజెన్‌వాల్డ్ తన 50వ జన్మదినమున టస్కీగీకి 25000 డాలర్లిచ్చెను. అందులో కొంత సొమ్ముతో సమీప పల్లెలలో ఆఱు చిన్న బడులు కట్టుటకు వాషింగ్టన్ అనుమతి పొందెను. దాత కొంత, ప్రభుత్వము కొంత, ఊరివారు కొంత ఇచ్చుట నియమము. డబ్బు లేనివారు కలప, కూలి ఇచ్చిరి. కిటికీలు ఏ దిక్కున నుంచినచో దీపము లేకయే పిల్లలకు వెలుతురు చాలునో టస్కీగీవారు పటములు గీసి పంపిరి. వాషింగ్టన్ మరణానంతరమును ఈ పని సాగి, 1932 నాటికి 15 రాష్ట్రములలో దాదాపు 5000 బడులును, ఉపాధ్యాయులు నివసించుటకు 217 ఇండ్లును నిర్మింపబడెను. ఊరిలో తల దాచుకొను చోటు లేనివాడు ఆ యూర నిలువజాలడను సత్యమును వారు గుర్తించిరి.

ఆక్షేపణలు

మహాపురుషుని చరిత్రము వ్రాయునప్పుడు ఆయనపైని ఆక్షేపణలను దాచుట ధర్మము కాదు. 1895లో అట్లాంటా నగరమున వాషింగ్టన్ చేసిన ఉపన్యాసమున, నల్లజాతివారు వోటుహక్కుకును తెల్లవారితో సమానత్వమునకును వెంటనే పోరాడుట మాని, పనిచేతను ఆస్తిచేతను పైకి రావలెనని సూచించెను. తెల్లవారు మెచ్చిరి. కాని దక్షిణ రాష్ట్రములు ఆగలేదు. 1901లో అలబామా క్రొత్త రాజ్యాంగము నల్లజాతివారి వోటును ఇంచుమించు తుడిచివేసెను. వారి బడులకు ప్రభుత్వము తెల్లవారి బడులకంటె ఎంతో తక్కువ ఖర్చు చేసెను. 1903లో పండితుడు డబ్ల్యు. ఇ. బి. డు బోయిస్ తన గ్రంథమునందు, హక్కులు విడిచిన జాతికి చేతిపనులు మాత్రమే రక్షణ కాజాలవనియు, ఉన్నతవిద్య లేనిదే ఉపాధ్యాయులకు నేర్పు ఉపాధ్యాయులు దొరకరనియు వాదించెను.

డు బోయిస్ చెప్పినదానిలో చాల సత్యము కలదని మేము తలంతుము. రోజెన్‌వాల్డ్ బడులకు చందా యిచ్చిన కూలివాడు అంతకుమునుపే పన్ను చెల్లించినవాడు. తన బిడ్డ బడికి రెండుమాఱులు చెల్లించెను. ఎంత మంచి ఉపాధ్యాయుని పంపినను ఈ అన్యాయము అతనివలన తీఱునది కాదు. వోటుహక్కును హరించిన చట్టములపై జరిగిన వ్యాజ్యములకు వాషింగ్టన్ రహస్యముగా సొమ్మిచ్చి తోడ్పడెనని ఆయన మరణించిన చాలకాలమునకు వెల్లడియాయెను. బహిరంగమున మౌనము వహించినవాడు చాటున పోరాడెను. ఆ మౌనము లేనిచో టస్కీగీ నిలిచియుండెడిదా యను ప్రశ్నకు చరిత్రకారులు నేటికిని ఏకాభిప్రాయమునకు రాలేదు. జాతిభేదముచే బడులను వేఱుపఱచుట చట్టవిరుద్ధమని అమెరికా సర్వోన్నతన్యాయస్థానము తీర్పు చెప్పుటకు 1954 వఱకు ఆగవలసివచ్చెను.

అంత్యకాలము

విశ్రాంతి లేని ప్రయాణములచే వాషింగ్టన్ శరీరము క్షీణించెను. 1915 నవంబరున న్యూయార్కులో జబ్బుపడగా, వైద్యులు ఆశ లేదనిరి. తాను దక్షిణదేశమున పుట్టి, అచ్చటనే పని చేసితిననియు, అచ్చటనే మరణింపవలెననియు ఆయన కోరెను. రైలుబండిలో తీసికొనిరాగా 13వ తేదీ రాత్రి టస్కీగీ చేరి, 14వ తేదీ వేకువను కన్నుమూసెను. వయస్సు 59. విద్యార్థులు కాల్చిన ఇటుకలతో కట్టిన పాఠశాల ఆవరణలోనే సమాధి చేసిరి. 30 మందితో ఆరంభమైన ఆ పాఠశాలలో అప్పటికి సుమారు 1500 మంది విద్యార్థులును, 200 మంది ఉపాధ్యాయులును, నూఱుకు పైగా కట్టడములును ఉండెను. 1985 నుండి అది టస్కీగీ విశ్వవిద్యాలయమను పేర వెలయుచున్నది.

మనకు పాఠము

ఉపాధ్యాయుడు కాగోరువానిని ఒక సంవత్సరకాలము అనుభవజ్ఞుడైన ఉపాధ్యాయుని తరగతిలోనే నిలిపి, పేద పిల్లల నడుమ పని నేర్పు పద్ధతి అమెరికా నగరములలో 2001 తరువాత షికాగో, బోస్టన్ మొదలగు చోట్ల క్రొత్తగా ప్రారంభమైనది. దానికి రెసిడెన్సీ యని పేరు. వైద్యవిద్యార్థి ఆసుపత్రిలో ఉండి నేర్చినట్లు వీరు బడిలో ఉండి నేర్తురు. పేరు క్రొత్తదియైనను, దాని సారమును వాషింగ్టన్ 1881లోనే కోవెరు గాడిద బండిపై తిరిగి కనుగొన్నాడు.

మన రాష్ట్రములందును ఒక్క ఉపాధ్యాయుడు మాత్రమే కల బడులు నేటికిని ఉన్నవి. ఉద్యోగము దొరకిన నాటినుండియే పట్టణమునకు బదిలీ కోరువారును కలరు. వారిని నిందించుట సులభము. ఆ యువకుని ఆ పల్లెకు ఎవరు సిద్ధపఱచిరి? ఉండుటకు ఇల్లు ఎవరు చూపిరి? తప్పు చేసినప్పుడు ప్రక్కన నిలిచి దిద్దిన పెద్ద గురువెవరు? ఈ ప్రశ్నలు అడిగిన పిమ్మటనే నింద పలుకుట న్యాయము.

విద్యార్థులారా, మీలో ఎవరైనను రేపు అట్టి బడికి పోవుట తటస్థించినచో, మొదటి దినముననే నల్లబల్లను వెదకకుడు. మొదట ఆ యూరి వీథులలో తిరుగుడు; ఆ పిల్లల యిండ్ల అరుగులపై కూర్చుండుడు; వారు ఏ వేళకు తిందురో, ఏ నెలలో పనికి పోవుదురో తెలిసికొనుడు. ఒక పుస్తకమునకై నలుగురి వెనుకనుండి తొంగిచూచు అయిదవ పిల్లవాడు అచ్చట తప్పక ఉండును. మొదటి పాఠమును అతని కొఱకు సిద్ధము చేసికొనుడు.